నీలం బండికి పెద్ద చక్రాలు

మిరప రెండో కోతకొచ్చిన రోజుల్లో మా ముస్తాక్ ఆటోలో నాలుగు గోనె మూటలు తెచ్చి షెడ్డు ముందు దింపాడు. నేను లారీ కింద పడుకుని నట్టు తిప్పుతున్నాను. పిలిస్తే బయటికొచ్చాను.

"విప్పు నాన్నా" అన్నాడు.

మొదటి గోనె తీశాను. అల్లాయ్ చక్రం. పదిహేను అంగుళాలది, ఆరు ఆకులది. మీద కప్పిన పల్చటి ప్లాస్టిక్ కాగితం కూడా తియ్యలేదు.

"ఎవరివిరా ఇవి?"

"నీవే. నీ నీలం బండికి."

చేతికి గ్రీజుందని చక్రాన్ని ముట్టుకోలేదు. పంపు దగ్గర సబ్బుతో కడుక్కుని వచ్చి అప్పుడు పట్టుకున్నాను.

వాడు నాకెప్పుడూ ఏమీ తేలేదంటే అబద్ధమవుతుంది. చెప్పులు తెచ్చాడు. కన్ను ఆపరేషనైతే నల్ల కళ్లజోడు తెచ్చాడు. కానీ ఆ బండికి ఒక్క బోల్టు కూడా తేలేదు ఎప్పుడూ. దాన్ని తుక్కు అనేవాడు. అది తీసేస్తే ఇంకో లారీ నిలబెట్టుకునే చోటొస్తుందనేవాడు. అలాంటివాడు నాలుగు చక్రాలు మోసుకొచ్చాడు.

మా షెడ్డు యడ్లపాడు దాటాక హైవే పక్కనుంది. వెనకాలే ఇల్లు. ఇంటికీ షెడ్డుకీ మధ్య రేకుల కింద ఆ బండి ఉండేది. జపాన్‌ది, రెండు తలుపులు, ఇద్దరే సుఖంగా కూర్చోగలరు, వెనక సీటు పేరుకే. స్విచ్చి నొక్కితే ముందు లైట్లు కనురెప్పలు తెరిచినట్టు పైకి లేస్తాయి. గుంటూరులో పొగాకు ఎగుమతి చేసే ఆయన దగ్గర నేను డ్రైవరుగా ఉన్నప్పుడు ఆయన సరదాపడి తెప్పించుకున్న బండి. ఆయన పోయాక కొడుకులు పాత ఇనుముకేస్తుంటే నేను తీసుకున్నాను. కాగితాలు నా పేరు మీదికి మార్చుకున్నాను. నా పేరు మీద ఇల్లు లేదు, పొలం లేదు. అదొక్కటే ఉంది.

ఆరేళ్లుగా రాళ్ల మీదే నిలబడి ఉంది. టైర్లు పగిలిపోయాయి. పదమూడు అంగుళాలవి ఆ వెడల్పులో ఇప్పుడు తయారుచెయ్యడం లేదన్నారు. గుంటూరు, ఒంగోలు, విజయవాడ, అంతా అడిగాను. ప్రతి శుక్రవారం నమాజు నుంచి వచ్చాక ఇంజను స్టార్టు చేసి పది నిమిషాలు తిప్పి ఆపేసేవాణ్ణి. కుడికన్ను ఆపరేషనైంది. ఎడమకన్నుకి వచ్చే ఏడాది అన్నాడు డాక్టరు. చూపు ఉండగా ఒక్కసారి దాన్ని కొండవీడు ఘాటు రోడ్డెక్కించాలని నా కోరిక. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

మా ఆవిడ కరీమున్ మూటల చుట్టూ ఒక తిరుగు తిరిగింది.

"నా సవతికి కొత్త గజ్జెలు తెచ్చావా? కన్నతల్లికేం తెచ్చావురా?"

"నీకు దాన్ని తుడిచే పని తప్పిస్తాలే అమ్మా" అన్నాడు ముస్తాక్. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా.

*

చక్రం పెద్దదైతే టైరు రబ్బరు తగ్గాలి. రెండూ కలిపి మొత్తం ఎత్తు పాతదే ఉండాలి. లేకపోతే స్పీడు మీటరు అబద్ధం చెబుతుంది, ఇంజనుకి బరువు, మలుపులో టైరు మడ్‌గార్డుకి తగులుతుంది. పాత చక్రం చుట్టూ దారం పెట్టి కొలిచి, ముడి వేసి ముస్తాక్ చేతికిచ్చాను.

"నూట తొంభై ఐదు వెడల్పు టైరు తీసుకురా. ఈ దారానికి సరిపోతుంది. దేన్నీ కొయ్యక్కర్లేదు."

"రెండొందల ఐదు కావాలంట నాన్నా."

"ఎవరికంట?"

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అదే, వీడియోల్లో చెబుతున్నారు. ఈ బండికి వెడల్పుంటేనే అందమంట."

"రెండొందల ఐదు ఎత్తుకి సరిపోతుంది. కానీ వెడల్పెక్కువ. మడ్‌గార్డు అంచు కొయ్యాలి."

"కోసెయ్. నీ చెయ్యి పడితే కోసినట్టే తెలీదు."

ఇరవై ఏడేళ్లుగా ఆ బండి రేకు మీద ఒక్క గీత పడనివ్వలేదు నేను. పిల్లలు దాని పక్కన సైకిలు పెడితే కేకలేసేవాణ్ణి. అయినా కొడుకు మొదటిసారి దాని గురించి అడుగుతున్నాడు, తెల్లారి షెడ్డు తియ్యగానే దాని దగ్గరికే వస్తున్నాడు. సరే తెచ్చుకో అన్నాను.

టైర్లొచ్చాయి. కొత్త చక్రం ఎక్కడ తగులుతుందో తెలుసుకోవడానికి నాకొక పద్ధతుంది. మా నాన్న ఊళ్లు తిరిగి దూది ఏకేవాడు. పరుపులకి, దుప్పట్లకి. నేను చక్రాల పనిలోకొచ్చినా దూది నన్ను వదల్లేదు. మైదా జిగురులో దూది ముంచి బొటనవేలు మందాన మడ్‌గార్డు లోపల వరసగా అంటిస్తాను. ఆరాక చక్రం బిగించి బండి తిప్పుకొస్తాను. దూది తెల్లగా ఉన్నచోట ఫర్వాలేదు. నల్లబడినచోట దగ్గరికొస్తోంది. ఊడిపోయినచోట తగులుతోంది. కొలబద్దకి అందని మూలలు కూడా దూదికి అందుతాయి.

ఖాళీ బండికి ఏదీ తగలదు. బరువు పడాలి. పక్క కల్లంలో అడిగి రెండు మిరపకాయల టిక్కీ బస్తాలు తెచ్చి వెనక సీటులో కుక్కాను. టిక్కీ నలభై కిలోల పైమాటే. రెండూ కలిపి ఒక లావుపాటి మనిషి బరువు. షెడ్డు నుంచి బ్రిడ్జి దాకా వెళ్లొచ్చేసరికి తుమ్మి తుమ్మి నా ముక్కు వాచిపోయింది. వెనక దూది రెండువైపులా ఊడింది. ముందు కూడా అంచు దగ్గర ఊడింది.

"ఆ దూది దగ్గర కాస్త పక్కకి జరుగు నాన్నా, కనబడాలి" అంటూ ముస్తాక్ ఫోను పట్టుకుని తీస్తున్నాడు. మనవరాలికి చూపిస్తాడు కాబోలనుకుని జరిగాను.

వెనక మడ్‌గార్డు అంచుని కొయ్యకుండా లోపలికి మడిచెయ్యొచ్చు. దానికి గుండ్రటి కర్ర కావాలి, గట్టిది. ఇంట్లోకెళ్లి రోకలి అడిగాను.

"ఏందయ్యా? కారం దంచే రోకలి! రేపు పచ్చడి కారం దంచాలి నేను."

"మడతపెట్టుకుని ఇచ్చేస్తా."

"రోకలిని మడతపెడతావా?"

"మడ్‌గార్డుని."

ఆమె గోడకానించిన రోకలి తీసింది. ఇవ్వబోయి ఆగింది. ఏదో అడుగుతుందనుకున్నాను. "జాగర్త. వేళ్లు నలిగేను" అని ఇచ్చి లోపలికెళ్లిపోయింది.

రంగు పగలకుండా అంచు మీద మరిగే నీళ్లు పోసి, టైరుకీ అంచుకీ మధ్య రోకలి దూర్చి, నేను పట్టుకుంటే ముస్తాక్ బండిని అంగుళం అంగుళం ముందుకి తోశాడు. టైరు తిరిగినకొద్దీ రోకలి దొర్లి అంచు పైకి మడుచుకుంది. రంగు పగల్లేదు. "సూపర్ నాన్నా!" అని అరిచాడు. వాడి పన్నెండో ఏట స్కూటరు పంక్చరు మొదటిసారి వేసినప్పుడు నేను అన్న మాట అదే.

ముందువి మాత్రం మడతపడవు. లోపల రెండో రేకు అతికి ఉంటుంది. అవి కొయ్యాల్సిందే. సుద్దముక్కతో గీత గీసుకున్నాను. గ్రైండరు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

"ఏమైంది?" అన్నాడు ముస్తాక్.

"ఇది కోశాక పాత చక్రాలు మళ్లీ దీనికి పెట్టలేం. ఖాళీ కనబడుతుంది."

"పాతవి ఎందుకింక?"

నిజమే అనిపించింది. స్విచ్చి వేశాను. రెండు వైపులా వేలు వెడల్పున రేకు తీసేశాను. ముక్కలు కింద పడితే చెత్తబుట్టలో వెయ్యబుద్ధి కాక కిటికీలో పెట్టాను.

*

చక్రం నడిమి కన్నం మా బండి ఇరుసు హబ్బు కంటే పెద్దది. అలా వదిలేసి నట్లతో బిగిస్తే ఎనభై దాటాక స్టీరింగు వణుకుతుంది. ఆ ఖాళీలోకి ఉంగరం లాంటి రింగు కావాలి. గుంటూరు ఆటోనగర్‌లో యేసుపాదం లేతు మిషన్ మీద తీయిస్తే వెంట్రుక తేడా రాదు. నేనూ వాడూ ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాం. నన్ను పేరు పెట్టి బుడే అనేది ఇప్పుడు వాడొక్కడే.

బస్సెక్కి వెళ్లాను. వాడు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని హబ్బు కొలత చూశాడు.

"ఎన్నాళ్లకి కదిలావు బుడే! అయితే బండి ఎప్పుడు ఇచ్చేస్తున్నావు?"

"ఎవరికి?"

వాడి చెయ్యి లేతు మీద ఆగింది. "అదేరా... రోడ్డు మీదికి. రోడ్డు మీదికి ఎప్పుడిస్తున్నావని."

"ఈ నెలాఖరుకి."

"మీవాడు మొన్న వచ్చాడులే ఇటు. చెప్పాడు." మిషన్ వేశాడు. అల్యూమినియం తీగలు చుట్టలుచుట్టలుగా ఊడి పడ్డాయి. పని చేసేటప్పుడు బూతులు కలిపి కబుర్లు చెప్పందే వాడికి తోచదు. ఆ రోజు నాలుగు రింగులూ నోరు మూసుకుని తీశాడు. టీ తాగి పొమ్మని కూడా అనలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకుంటూ బస్సెక్కాను.

ఆ వారంలోనే ముస్తాక్ కాగితాలు తెచ్చాడు.

"పాత బండి కదా నాన్నా, రోడ్డెక్కాలంటే ఆర్టీవో ఆఫీసులో రెన్యువల్ చేయించాలి. ఇక్కడొకటి, ఇక్కడొకటి."

అన్నం ముందు కూర్చుని ఉన్నాను. ఎడంచేత్తో కళ్లజోడు పెట్టుకుని, చెయ్యి కడుక్కుని వచ్చి ఐదుచోట్ల సంతకం చేశాను. తెలుగైతే మెల్లగా కూడబలుక్కుని చదివేవాణ్ణి. మూడో తరగతి దాకా నేర్పింది అంతే. ఇవి ఇంగ్లీషు కాగితాలు. కరీమున్ పప్పుగిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"వడ్డించు" అన్నాను. వడ్డించింది.

*

ఏప్రిల్ రెండో వారానికి పని అయిపోయింది. కోతకని మళ్లీ పెట్టిన రాళ్లు పక్కకి దొర్లించి బండిని నేల మీద నిలబెట్టాం. బాగుంది. అబద్ధం చెప్పను, చాలా బాగుంది. ఆ చక్రాల మీద కాస్త ముందుకి వంగి దూకబోయేదానిలా కనబడింది. నాలుగు మేకులు పాతి, దారం కట్టి చక్రాల వరస చూసుకున్నాను. టిక్కీలతో మూడుసార్లు తిప్పాను. దూది ఎక్కడా ఊడలేదు.

ఇక ఘాటు రోడ్డొకటి మిగిలింది. ఎక్కడం, దిగడం, పూర్తిగా తిప్పే మలుపులు. దాని మీద తగలకపోతే ఇక ఎక్కడా తగలదు.

"రేపు పొద్దున్నే కొండవీడు వెళ్తున్నా. వస్తావా?" అని కరీమున్‌ని అడిగాను. ఆమె ఆ బండిలో ఎన్నడూ కూర్చోలేదు. ఎన్నిసార్లు అడిగినా, నా సవతి ఒళ్లో నేను కూర్చోనా అనేది. రాదనుకునే అడిగాను.

"వస్తా" అంది.

పొద్దున ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. సీసాలో నీళ్లు, రుమాల్లో కట్టిన నాలుగు గారెలు తెచ్చింది. బండి కిందికి ఉంటుంది కదా, కూర్చోబోయి సగం పడింది.

"ఇదేం బండయ్యా, బావిలోకి దిగినట్టుంది!"

"తలుపు మెల్లగా వెయ్."

"ఇన్నేళ్లుగా దుమ్ము తుడుస్తున్నా, దీని తలుపు ఎంత గట్టిగా వెయ్యాలో నాకు తెలీదా?"

మిరపకాయల ఘాటు సీటులోనే ఉండిపోయింది. హైవే దాటేలోపు ఆమె ఆరుసార్లు తుమ్మింది. తుమ్మినప్పుడల్లా నవ్వింది. ఆమె అలా నవ్వగా చూసి చాలాకాలమైంది. దారి పొడుగునా రెండువైపులా కల్లాలు, ఎండిన కాయలు కుప్పలు చేస్తున్న ఆడవాళ్లు. బండి చప్పుడుకి తలెత్తి చూశారు. కరీమున్ కొంగు సర్దుకుని చెయ్యి ఊపింది, మంత్రిగారి భార్యలాగ.

ఘాటు రోడ్డు మొదలైంది. రెండో గేరు. చక్రాలు రోడ్డుని పట్టుకున్న పట్టు చేతిలోకి తెలుస్తోంది. పాత టైర్ల మీద మలుపులో బండి కాస్త పక్కకి ఒరిగేది. ఇప్పుడు ఒరగడం లేదు. నేను తిప్పితే తిరుగుతోంది, అంతే. డెబ్బై ఏళ్లొచ్చాయి నాకు. ఆ పూట నా ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు.

నాలుగో మలుపు దాటాక కింద ఊళ్లు కనబడ్డాయి. ఎర్రటి కల్లాలు చిన్నచిన్న గుడ్డముక్కల్లా ఉన్నాయి. కరీమున్ డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి రాసింది, గేదె వీపు నిమిరినట్టు.

"మంచాయనేనంట" అంది. "కార్లంటే ప్రాణమంట. బాగానే చూసుకుంటాడంటలే."

గేరు మార్చాను.

"ఎవరు?"

ఆమె చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. కిటికీలోంచి చూస్తోంది. ఇంకో మలుపొచ్చింది. స్టీరింగు చివరిదాకా తిప్పాను. ముందు ఎడమ చక్రం దగ్గర గర్రుమని చిన్న చప్పుడొచ్చింది. మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ పలక అంచు. అది తగులుతోందని గుర్తుపెట్టుకున్నాను.

"వాడింకా చెప్పలేదా నీకు?" అంది కరీమున్. "ఈ వారంలో చెబుతానన్నాడే."

పైదాకా వెళ్లాం. బండి ఆపాను, దిగలేదు. ఇంజను చల్లబడేటప్పుడు టిక్ టిక్‌మని చప్పుడు చేస్తుంది, అది వింటూ కూర్చున్నాను. ఆమె రుమాలు విప్పి గారెలు నాకు అందేటట్టు పెట్టింది.

"నీకెప్పుడు తెలుసు?"

"చక్రాలొచ్చిన వారానికి."

"రోకలి ఇచ్చేటప్పటికి?"

"తెలుసు."

కింద నుంచి ఎక్కుతున్న బస్సు హారన్ వినబడింది.

"చెబితే నువ్వు ఈ పని చేసేవాడివి కాదుగా" అంది ఆమె. "వాడు బతిమాలాడు నన్ను."

బండి తిప్పాను. దిగేటప్పుడు ఇద్దరం తుమ్మాం కానీ ఎవరూ నవ్వలేదు. గారెలు రుమాల్లోనే తిరిగొచ్చాయి.

*

ముస్తాక్ షెడ్డు ముందే నిలబడి ఉన్నాడు. ఫోను పట్టుకుని బండి వస్తుంటే వీడియో తీస్తున్నాడు. నేను దిగేదాకా తీశాడు.

"ఈ చక్రాలు ఎంచుకుంది ఎవరు?" అన్నాను.

వాడు వాళ్లమ్మ వైపు చూశాడు. ఆమె వాణ్ణి దాటుకుని ఇంట్లోకెళ్లిపోయింది.

"ఆయనే నాన్నా. బ్రాడీపేటలో కోచింగ్ సెంటరుంది. శ్రీకృష్ణ గారని. జనవరిలో నువ్వు ఆస్పత్రికెళ్లినప్పుడు వచ్చి చూశారు. తీసుకుంటాను కానీ ఈ చక్రాలు, ఈ టైర్లు వేసి ఇవ్వాలన్నారు. ఈ చుట్టుపక్కల నువ్వు తప్ప ఎవరూ చెయ్యలేరని ఆయనకీ తెలుసు." ఊపిరి పీల్చుకుని మళ్లీ అందుకున్నాడు. "ఆ డబ్బుతో కంప్యూటర్ అలైన్‌మెంట్ మిషన్ కొంటున్నా. హైవే మీద నాలుగు షెడ్లలో వచ్చేశాయి. ఇంకా మేకులు, దారం అంటే ఎవరొస్తారు నాన్నా మన దగ్గరికి? నీకు చెబుదామనే అనుకున్నా. ఒకసారి బండి నడిపించి, నీ సరదా తీరాక..."

చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికెళ్లాను. వాడు నా వెనకాలే వస్తూ ఇంకా ఏదో చెబుతున్నాడు. నీళ్ల చప్పుడులో కొంత వినబడింది, కొంత వినబడలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా పాత చక్రం ఒకటి దొర్లించుకొచ్చి బండి పక్కన నిలబెట్టి చూశాను. చిన్నపిల్లాడు పెద్దాయన చెప్పులేసుకున్నట్టు, కోసిన మడ్‌గార్డు కింద అంత ఖాళీ. చెయ్యి పెట్టి చూశాను. నాలుగు వేళ్లు దూరాయి. కోసింది ఇంకొకడైతే వాణ్ణి తిట్టుకునేవాణ్ణి. చక్రాన్ని మళ్లీ దాని చోటికి దొర్లించేశాను.

శ్రీకృష్ణ గారు పదిగంటలకి వచ్చారు. నలభై ఐదేళ్లుంటాయి. బండిని చూడగానే ఆయన నడక మారింది. చుట్టూ తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని మడ్‌గార్డు కింద చెయ్యి పెట్టి తడిమి చూశారు.

"పెద్దాయనా, మీరు దూది అంటించే వీడియో నాలుగుసార్లు చూశానండి. మా ఫ్రెండ్సందరికీ పంపాను. ఈ కోత మిషన్ కోతలా ఉంది."

"ముందు ఎడమ చక్రం పూర్తిగా తిప్పితే తగులుతోంది" అన్నాను. "కూర్చోండి. సరిచేసి ఇస్తాను."

"మలుపులోనే కదా, తర్వాత చూసుకుందాం నాన్నా" అన్నాడు ముస్తాక్. వాడి చంకలో ప్లాస్టిక్ ఫైలుంది. నా ఐదు సంతకాలూ అందులోనే ఉంటాయి.

జాకీ పెట్టి చక్రం విప్పాను. ప్లాస్టిక్ పలక అంచు కత్తిరించి, దాన్ని పట్టుకునే క్లిప్పు వంచి లోపలికి బిగించాలి. "పది నంబరు స్పానరు" అన్నాను, అలవాటు కొద్దీ. ముస్తాక్ ఒక్క ఉరుకున తెచ్చి చెయ్యి చాపాడు. నేను లేచి పెట్టె దగ్గరికెళ్లి ఇంకో పది నంబరు వెతికి తెచ్చుకున్నాను. వాడు చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంచి, స్పానరు జేబులో పెట్టుకున్నాడు.

శ్రీకృష్ణ గారు కుర్చీలోంచి అదంతా చూశారు. పని గంటన్నర పట్టింది. మధ్యలో టీ వచ్చింది, ఆయన తాగలేదు.

చక్రం బిగించి లేచి నిలబడ్డాక ఆయన నా దగ్గరికొచ్చి అడిగారు.

"పెద్దాయనా, మీకు ఇష్టమేనాండీ?"

ముస్తాక్ చంకలో ఫైలు కిర్రుమంది. వాకిట్లో తలుపు పట్టుకుని కరీమున్ నిలబడి ఉంది. నేను ఒక్క మాట అంటే ఆయన వెళ్లిపోయే మనిషే. ముఖంలో తెలుస్తోంది.

"ఇప్పుడు తగలదు" అన్నాను. "వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు ఒకసారి బిగించుకోండి. లోపల రింగులున్నాయి, చక్రం విప్పినప్పుడు జారి పడిపోతాయి, చూసుకోండి. ఇంజను వేడెక్కేదాకా తొక్కకండి."

ఆయన ఇంకా చూస్తున్నారు. తాళం చెవి తీసి ఆయన చేతిలో పెట్టాను.

బండి హైవే ఎక్కేటప్పుడు ఎందుకో లైట్లు వేశారు, పట్టపగలు. రెండూ ఒకేసారి పైకి లేచాయి.

*

జూన్‌లో మిషన్ వచ్చింది. బండి ఉన్న చోటే గొయ్యి తీసి సిమెంటు పోసి దాన్ని నిలబెట్టారు. తెర మీద నాలుగు చక్రాల బొమ్మ, ఎరుపు అంకెలు, సరిగ్గా ఉంటే పచ్చ అంకెలు. బాగానే పనిచేస్తుంది. ఆ దూది వీడియోలు చూసి కుర్రాళ్లు పాత కార్లేసుకుని నరసరావుపేట నుంచి, ఒంగోలు నుంచి కూడా వస్తున్నారు. అందరికీ పెద్ద చక్రాలే కావాలి.

మొన్న తొలకరి పడిన రోజు ఒకాయన వచ్చాడు. ముస్తాక్ మిషన్ దగ్గరనుంచే కేకేశాడు.

"నాన్నా, ఈయన బండికి పదహారు పడతాయా?"

నేను వచ్చినాయన వైపు తిరిగి చెప్పాను. "పడవండి. పదిహేను వేసుకోండి."

"కొయ్యకుండానే నాన్నా?"

"కొయ్యక్కర్లేదండి" అన్నాను ఆయనతోనే.

"మా నాన్న అంతేనండి" అన్నాడు ముస్తాక్ నవ్వుతూ. "నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని భయం. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా."

బండి వెళ్లిన పూట నుంచి నేను వాడితో ఒక్క మాట మాట్లాడలేదు. రెండు నెలలు కావస్తోంది. వాడు అడుగుతాడు, నేను పని చేసి పెడతాను, వాడు వెళ్లిపోతాడు. అన్నం దగ్గర పక్కపక్కనే కూర్చుంటాం. వాడికి తేడా తెలియలేదు.

వాన తగ్గాక కరీమున్ టీ తెచ్చింది. బల్ల మీద పెట్టి వెళ్లిపోకుండా నా పక్కన కూర్చుంది. అవతల మిషన్ బీప్‌మని కూస్తోంది.

"ఎన్నాళ్లిలా వాడితో?"

టీ చల్లార్చుకుంటున్నాను.

"వాడికసలు తెలీడం లేదయ్యా. వాడి పాటికి వాడు నవ్వుతున్నాడు, నీ గురించి అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నాడు. నాకు చూళ్లేకుండా ఉంది. నేను చెప్పెయ్యనా, నాన్న నీతో మాట్లాడ్డం లేదురా అని?"

"వద్దు."

"ఎందుకొద్దు?"

"నాకు చెప్పకుండా ఒకటి దాచావుగా" అన్నాను. "వాడికి చెప్పకుండా ఇదీ దాచు."

టీ పూర్తిగా తాగలేదు నేను. అయినా ఆమె గ్లాసు తీసుకుని లేచి లోపలికెళ్లిపోయింది.